నా వెంట రాని దూడ

మార్చి 4, సోమవారం

ఈ రోజు దూడ నా వెంట రాలేదు. చెప్పుల వల్లే.

కొత్తవి. మడమ దగ్గర కాస్త వదులు, అడుగు వేస్తే టపటపమంటున్నాయి. వాటితో నా కాళ్ళు దానికి సరిగ్గా కనపడి ఉండవు. రేపు బూట్లు వేసుకెళ్తాను.

మిగతాదంతా బ్రహ్మాండం. కల్నల్ గారి వెంట షెడ్డు చివర నుంచి గేటు దాకా, గేటు నుంచి కంకరగుట్ట మీదికి, మళ్ళీ కిందికి, పచ్చలైటు ఒక్కసారి కూడా ఆరకుండా వెళ్ళింది. ఆయన గుట్ట మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "చూశావా అమ్మాయ్? నా బెటాలియన్ కూడా ఇంత బుద్ధిగా నా వెనక రాలేదు" అన్నారు.

"వాళ్ళకి సొంత తెలివి ఉండేది కద సర్" అన్నారు కెప్టెన్ మేడం.

ఇంటికొచ్చాక నాన్నది మళ్ళీ అదే ప్రశ్న. "తాడు కట్టకుండా అది మనిషి వెనక ఎలా వస్తుందే?"

మళ్ళీ చెప్పాను. దూడ అంటే మోకాలెత్తు బండి నాన్నా. చక్రాలకి బదులు గొలుసు పట్టాలుంటాయి, రాళ్ళ మీదా బురదలోనూ పోతుంది. సైనికుడు ముందు నడుస్తుంటే వెనకే వస్తుంది. కొండెక్కేటప్పుడు నీళ్ళూ సామానూ మోస్తుంది, దిగేటప్పుడు దెబ్బ తగిలినవాణ్ణి మోస్తుంది. అక్కడ అందరివీ ఒకే బట్టలు, ఒకే టోపీలు, ఒకే సంచులు. అందుకని చొక్కా చూసి కాదు, నడక చూసి తన మనిషిని పోల్చుకుంటుంది. పోల్చుకుంటే పచ్చలైటు. అనుమానం వస్తే పసుపు. తప్పిపోతే ఎర్రలైటు వెలిగించుకుని అక్కడే ఆగిపోతుంది.

"ఆ పోల్చుకోవడం దానికి నేర్పేది ఎవరు?" అన్నాడు నాన్న. ఆయనకి తెలుసు. నా నోటితో వినాలని.

"నేనే నాన్నా."

"విన్నావా?" అని అమ్మ వైపు తిరిగాడు. అమ్మ రోజూ వింటోంది.

ఈ డైరీకి తాళం అక్కర్లేదు. మా ఇంట్లో దీన్ని చదవగలిగేది నేనొక్కదాన్నే. నానమ్మ పక్కనే కూర్చుని, నా చెయ్యి కదలడం చూస్తూ, "ఏం రాస్తున్నావే?" అంటుంది. "నీ గురించే" అంటాను. "మంచిగా రాయి" అంటుంది.

మార్చి 5, మంగళవారం

బూట్లు వేసుకున్నాను. రాలేదు. నేల తడిగా ఉంది.

మార్చి 7, గురువారం

నేల ఆరింది. రాలేదు. బూట్లు కొత్తవి కావడం కూడా ఒక ఇబ్బందే అనుకుంటా.

పొద్దున హాజరులో కల్నల్ గారు ట్రయల్ తేదీ చెప్పారు. ఇరవై ఎనిమిది. సైన్యం వాళ్ళ మైదానంలో, కొనాలో వద్దో తేల్చే ఆఫీసర్ల బోర్డు ముందు. వాళ్ళ సైనికుడు ముందు నడుస్తాడు, మన దూడ వెనక నడవాలి. నచ్చితే కొన్ని బళ్ళు కొని కొండల మీదికి పంపుతారు. నచ్చకపోతే కల్నల్ గారు రిటైరయ్యాక పెట్టిన ఈ షెడ్డు మూసేయడమే. ఆ సంగతి కెప్టెన్ మేడం బల్బు మాడిపోయింది అన్నంత మామూలుగా చెప్పారు. ఆవిడ సైన్యంలో సరుకులు అందించే విభాగంలో ఉండేవారు. ఇప్పుడు దూడకి మోటార్ల నుంచి మరమేకుల దాకా అన్నీ ఆవిడే కొంటారు. కంగారు మాత్రం ఎక్కడా కొనలేదు.

హాజరు అంటే నవ్వొచ్చేది మొదట్లో. మొత్తం నలుగురం. అయినా పొద్దున్నే షెడ్డు ముందు వరసలో నిలబడాలి. కల్నల్ గారు మా ముందు అటూ ఇటూ నడిచి, ఆ రోజు పని చెప్పి, ఆఖర్న గొంతు పెంచి అడుగుతారు: "ఎవరికైనా చెప్పుకునేది ఉందా?"

"లేదు సర్!" అనాలి. అది ఆయన ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న, ఆయన కిందివాళ్ళు అన్నేళ్ళుగా చెబుతున్న జవాబు. ఈ రోజు అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

తర్వాత వైర్‌లెస్ బాబాయ్ నా బల్ల దగ్గరికొచ్చాడు. సైన్యంలో రేడియోలు చూసేవాడు, ఇక్కడ దూడ లోపలి వైర్లన్నీ ఆయనవే. చేరిన రోజు సర్ అన్నాను. "సర్ అంటే నా వెనక ఇంకెవరో నిలబడ్డట్టు ఉంటుంది. బాబాయ్ అను" అన్నాడు. నన్ను మాత్రం సైంటిస్టు గారూ అంటాడు.

"సైంటిస్టు గారూ, మీకూ దూడకీ మాటల్లేవంట?"

"బూట్లు కొత్తవి బాబాయ్."

వంగి నా బూట్లని చాలాసేపు చూశాడు. "మంచి బూట్లే" అని వెళ్ళిపోయాడు.

నేను భయపడట్లేదు. ముగ్గురి వెంటా చక్కగా వెళ్తోంది. నాలుగో మనిషి వెంట రాకపోవడం చిన్న విషయం. దాన్ని పెద్ద మాటలతో చెప్పి వాళ్ళని ఎందుకు కంగారు పెట్టాలి? కొత్తగా చేరినదాన్ని.

మార్చి 11, సోమవారం

దూడ నా వెంట వచ్చింది!

మధ్యాహ్నం అందరూ లోపల టీ తాగుతుంటే ఒక్కదాన్నే బయటికెళ్ళి, కల్నల్ గారు నడిచినట్టు నడిచాను. ఛాతీ ముందుకి, మడమ ముందు, ఎడమా కుడీ ఒకే పొడవు, చేతులు ఒకే ఎత్తు. పచ్చలైటు! గుట్ట దాకా వచ్చింది. గుట్ట మీద కాలు జారి తూలాను, అంతే, ఎర్రలైటు. కానీ అక్కడిదాకా వచ్చింది.

కాబట్టి తప్పు దూడది కాదు. నాకే నడవడం రాదు.

ఇది తేలికైన సమస్య. నడక నేర్చుకుంటే సరిపోతుంది. ఇంటికొచ్చి వరండాలో అటూ ఇటూ నడిచాను. నానమ్మ కాసేపు చూసి అమ్మని కేకేసింది. "ఇదిగో, నీ కూతురేంటే కర్ర మింగినట్టు నడుస్తోంది! ఆఫీసులో ఏమైనా అన్నారా?"

"ప్రాక్టీసు నానమ్మా."

"ఇరవై మూడేళ్ళు నడిచి ఇప్పుడు ప్రాక్టీసేంటే?"

మార్చి 12, మంగళవారం

నడక మెరుగుపడింది. పిక్కలు నొప్పి.

మార్చి 14, గురువారం

దూడకి నేర్పడానికి వాడిన వీడియోలన్నీ మొదటినుంచీ చూశాను. నేను చేరకముందు తీసినవి. ఇన్నాళ్ళూ వాటిని లెక్కలుగానే చూశాను. ఈ రోజు మొదటిసారి మనుషులుగా చూశాను.

నడిచినవాళ్ళందరూ కల్నల్ గారి పాత స్నేహితులు. అందరూ రిటైరైన సైనికులే. పొట్ట వచ్చినాయన, జుట్టు పోయినాయన, ఫోన్లో భార్యతో గొడవపడుతూ నడిచినాయన, మనవణ్ణి భుజం మీద ఎక్కించుకున్నాయన. అందరి అడుగూ ఒక్కటే. గొడవపడుతున్నాయన కూడా తాళం తప్పలేదు. ఉద్యోగం వదిలేశారు గానీ పరేడ్ వాళ్ళని వదల్లేదు.

అందరిలోకీ బాబాయ్ వింత. ఆయన ఎడమ అడుగునీ కుడి అడుగునీ తెర మీద ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. తేడా లేదు. మనిషి అంత సమంగా నడవడు, కల్నల్ గారు కూడా నడవలేదు. ఎంత సాధన చేసి ఉంటాడో!

అంటే మన దూడకి మనిషి నడక తెలీదు. పరేడ్ నడక తెలుసు.

పోనీ, తప్పేముంది? సైనికుల కోసం చేసిన బండి సైనికుల నడకే నేర్చుకుంది. దాన్ని వెంట నడిపించుకునేది మా నానమ్మ కాదుగా. ఇలా రాసుకుని డైరీ మూసేద్దామనుకున్నాను.

మూసేలోపు మెట్ల మీద చప్పుడు. అడుగు, కాస్త ఆగడం, అడుగు. నాన్న వచ్చాడని తలెత్తకుండానే తెలిసింది. ఈ రోజు బస్తాలు ఎక్కువ మోయించారని కూడా తెలిసింది. పొద్దున మెట్లు దిగేటప్పుడు ఇలా ఉండదు, చకచకా దిగుతాడు. సాయంత్రానికి మోకాలు మాట వినదు. రెండు చప్పుళ్ళు విన్నా నాన్నే అని నాకు తెలుస్తుంది.

దూడకి తెలీదు. నాన్నే సైనికుడనుకుంటే, పొద్దున ఆయన వెంట కొండెక్కుతుంది. సాయంత్రం అదే నాన్న అలిసిపోయి కుంటుతూ దిగుతుంటే, ఈయనెవరో నాకు తెలీదని నడి కొండ మీద ఎర్రలైటు వేసుకుని నిలబడిపోతుంది. వీపు మీద దెబ్బ తగిలినవాణ్ణి పెట్టుకుని.

రేపు చెప్పాలి.

ఎల్లుండి చెప్పినా ఫరవాలేదేమో.

రేపే చెప్పాలి.

మార్చి 15, శుక్రవారం

"ఎవరికైనా చెప్పుకునేది ఉందా?"

"లేదు సర్!" అన్నారు మేడమూ బాబాయూ.

"ఉంది సర్" అన్నాను నేను.

కల్నల్ గారు అప్పటికే వెనక్కి తిరిగి రెండు అడుగులు వేసేశారు. ఆగారు. తిరిగారు. నన్ను చూశారు. మేడం వైపు చూశారు. ఉంది అంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆయనకి తెలీదని నాకు అర్థమైంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఉందని అనలేదు పాపం.

"ఉందా?" అన్నారు.

"ఉంది సర్."

"ఏముంది?"

చెప్పాను. దూడ నా వెంట రాదు సర్. చెప్పులేసుకున్నా రాదు, బూట్లేసుకున్నా రాదు. మీలా నడిస్తేనే వస్తుంది. దానికి పరేడ్ నడక ఒక్కటే తెలుసు.

"సైనికులు పరేడ్ నడకే నడుస్తారు" అన్నారు కల్నల్ గారు.

"దెబ్బ తగిలాక కూడానా సర్?"

బాబాయ్ నేల వైపు చూస్తున్నాడు.

"సరే. ఇప్పుడే తేలుద్దాం" అని కల్నల్ గారు దూడ ముందుకెళ్ళారు. "నాకు కాలికి దెబ్బ తగిలింది. చూడు." కుడికాలు ఈడుస్తూ నడిచారు. ఈడ్పు, అడుగు. ఈడ్పు, అడుగు. దూడ పచ్చలైటుతో వెనకే. "ఏదీ? వస్తోందిగా!"

"సర్, మీరు తాళం ప్రకారం కుంటుతున్నారు" అన్నాను.

"ఏంటి?"

"ఆ అమ్మాయి నిజమే చెబుతోంది సర్. ఎడమ కుడి అని పక్కనుంచి లెక్కపెట్టొచ్చు" అన్నారు మేడం.

"అయితే నువ్వు నడువు చూద్దాం!"

మేడం బస్తా వీపుకెత్తుకుని, అలిసిపోయినట్టు తల వేలాడేసి, నాలుక కూడా బయటపెట్టి నడిచారు. నడుం పైన చచ్చేంత అలసట. నడుం కింద పరేడ్. దూడ సంతోషంగా వెనకే. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. మేడం వెనక్కి తిరిగి పచ్చలైటు చూసి, "ఛీ, నా కాళ్ళు నా మాటే వినట్లేదు" అని నేల మీద కూలబడి నవ్వారు. కల్నల్ గారు మాత్రం ఇంకోసారి, ఇంకోసారి అంటూ గేటు దాకా కుంటుతూనే వెళ్ళారు. ప్రతిసారీ పచ్చలైటే. తన బండి తన వెనక బుద్ధిగా వస్తుంటే అంత బాధపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

బాబాయ్‌ని ఎవరూ అడగలేదు. ఆయనా ముందుకు రాలేదు.

చివరికి కల్నల్ గారు చెమట తుడుచుకుంటూ, "అయితే ఇప్పుడు సరిగ్గా నడవడం రానివాళ్ళు కావాలి. ఎక్కడ దొరుకుతారు అలాంటివాళ్ళు?" అన్నారు.

"మా ఇంట్లో ఉన్నారు సర్."

మార్చి 17, ఆదివారం

ఇంట్లోవాళ్ళం అందరం షెడ్డుకి వెళ్ళాం. రాయడానికి చాలా ఉంది, చెయ్యి నొప్పి పుట్టినా రాస్తాను.

నాన్న పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. దూడ ముందు నిలబెట్టి నడవమంటే ఛాతీ విరుచుకుని టకటకా నడిచాడు.

"నాన్నా, మామూలుగా నడువు."

"మామూలుగానే నడుస్తున్నా."

"నువ్వెప్పుడు నడిచావు ఇలా?"

"నీ ఆఫీసులో కుంటమంటావేంటే, మీ సార్లందరి ముందూ? ఫలానా అమ్మాయి తండ్రి ఇలా ఉన్నాడనుకోరూ?"

కల్నల్ గారే ఉపాయం చేశారు. "పెద్దాయనా, ఆ ఇసుక బస్తాలు అటు పక్కకి వెయ్యాలి. మావాళ్ళకి చేతకావట్లేదు" అన్నారు. నాన్న చొక్కా విప్పి తీగ మీద ఆరేసి పనిలోకి దిగాడు. పనిలో పడ్డాక కెమెరా సంగతి మర్చిపోయాడు. నాలుగో బస్తాకి మోకాలు బయటపడింది. దూడ వెనకే తిరుగుతోంది, పసుపు, ఎరుపు, పసుపు. నేను రికార్డు చేస్తున్నాను.

అమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. తడి బట్టల బుట్ట ఎప్పుడూ ఎడమ నడుం మీదే. ఈ రోజు చేతుల్లో ఏమీ లేకపోయినా ఒక పక్కకి ఒరిగే నడిచింది. కల్నల్ గారికి పరేడ్ ఎలాగో అమ్మకి బుట్ట అలాగ. ఇది ఇన్నేళ్ళూ నేను చూడనేలేదు.

నానమ్మ సంగతి వేరే. నాలుగు అడుగులు వేసి ఆగుతుంది. వెనక్కి తిరుగుతుంది. "రా, రా. అంత దూరంలో ఎందుకు? నేనేమన్నా కొడతానా?" అని దూడని పిలుస్తుంది. అది ముందుకొస్తే, "ఆగాగు, మీద పడతావా ఏంటి!" అని చేతికర్ర చూపిస్తుంది. దూడ ఎర్రలైటు వేసుకుని నిలబడితే, "పాపం బెదిరిపోయింది. దీనికి ఏమైనా పెట్టారా పొద్దున్నించి?" అంది.

"బ్యాటరీ పెట్టామమ్మా" అన్నారు మేడం.

నడక అయ్యాక నానమ్మ కుర్చీలో కూర్చుని కల్నల్ గారిని అడిగింది. "నాయనా, నువ్వు మిలట్రీలో ఏ పాటి?"

"కల్నల్‌ని అమ్మా."

"అంటే పెద్దేనా?"

"పెద్దే."

"అయితే ఈ కుర్చీ కాస్త నీడలోకి జరుపు."

ఆయన "ఎస్ మేడం" అని కుర్చీతో సహా నానమ్మని ఎత్తి నీడలో పెట్టారు. నానమ్మ ఇంటికొచ్చేదాకా అదే చెప్పింది. కల్నల్ ఎత్తాడంట తనని. పక్కింటావిడకి చెప్పేసరికి ఇద్దరు కల్నల్స్ అయ్యారు.

ఒక్కటి మాత్రం విడిగా రాసుకోవాలి. టీ తాగేటప్పుడు నాన్న మోకాలు రుద్దుకుంటూ బాబాయ్ పక్కన కూర్చున్నాడు. నాన్న అన్నాడు, "ఈ మోకాలు చూస్తే మేస్త్రీ పనివ్వడని ఇన్నాళ్ళూ దాచుకుంటూ వచ్చా బాబూ. పళ్ళు బిగించి నడిచేవాణ్ణి. ఇక్కడ చూస్తే అదే కావాలంటున్నారు! కుంటితే మెచ్చుకునే ఆఫీసు ఇదొక్కటే అనుకుంటా." అని పెద్దగా నవ్వాడు.

బాబాయ్ కూడా నవ్వాడు. కానీ టీ మొత్తం చల్లారిపోయేదాకా గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మార్చి 18, సోమవారం

దూడ చదువుకుంటోంది. ఒక్క నిమిషం ఖాళీ లేదు.

మార్చి 21, గురువారం

అమ్మ వెంట వస్తుంది. నాన్న వెంట పొద్దునా వస్తుంది, సాయంత్రమూ వస్తుంది. కల్నల్ గారి స్నేహితుల ఇళ్ళల్లోంచి అత్తగార్లనీ మేనల్లుళ్ళనీ కూడా తెచ్చి నడిపించాం. షెడ్డు ముందు పెళ్ళివారి విడిదిలా ఉంది.

కానీ బాగా కాలు ఈడ్చేవాళ్ళు ఎవరూ దొరకలేదు. నాన్న మోకాలు పాపం అంతదూరం పోలేదు. గుట్ట దిగేటప్పుడు కాలు మొత్తం పక్కకి తిరిగేలా ఎవరైనా నడిస్తే దూడ ఇంకా తప్పిపోతుందని నా లెక్క. బోర్డు వాళ్ళు అది అడగరేమో.

అడగరు.

మార్చి 22, శుక్రవారం

అడుగుతారు, నాకు తెలుసు. పొద్దున మొదట వెళ్ళి ఆ మాట బాబాయ్‌కి చెప్పాను. ఆయన ఆ టైముకే వచ్చి దూడ పొట్ట విప్పి కూర్చున్నాడు.

"సైంటిస్టు గారూ, నా నడక మీ లెక్కల్లో ఎలా ఉంది?"

"అందరికంటే సమంగా ఉంది బాబాయ్. అంత సమంగా మనుషులు నడవరు."

"పట్టేశావు" అని స్క్రూడ్రైవర్ కింద పెట్టి, ఎడమకాలి ప్యాంటు మోకాలి పైకి మడిచాడు. మోకాలి కింద కాలు లేదు. నల్లటి గొట్టం, దాని చివర బూటు.

రోజూ పక్కన కూర్చుని పని చేస్తున్నాను. మెట్లెక్కడం చూశాను, గుట్టెక్కడం చూశాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

"అద్దం ముందు నేర్చుకున్నా. ఏడాది పైన పట్టింది. ఎవరూ అయ్యో అనకూడదని. కల్నల్ గారికి తప్ప ఇక్కడ ఎవరికీ తెలీదు" అన్నాడు. తర్వాత దూడ వీపు మీద చెయ్యి వేసి, చిన్నగా అన్నాడు. "దెబ్బ తగిలిన రోజు నలుగురు నన్ను మోసుకొచ్చారు. అంతకుముందు కొంతదూరం నేనే నడిచాను. ఎలా నడిచానో నాకే తెలీదు. ఆ రోజు నా వెనక ఈ దూడ ఉండుంటే, ఎర్రలైటు వేసుకుని ఆగిపోయేది. నా కోసం చేసిన బండి నన్నే పోల్చుకునేది కాదు. మొన్న హాజరులో నువ్వు మాట్లాడినప్పటి నుంచీ ఇదే ఆలోచన. ఇక మీ నాన్న వచ్చి ఆ కాస్తా నిద్ర కూడా పోగొట్టాడు."

"మా నాన్న ఏదో నవ్వుతూ..."

"నవ్వుతూ అన్నాడు కాబట్టే. నేను అద్దంతో ఏడాది కుస్తీ పట్టానా? ఆయన హాయిగా చొక్కా తీగ మీద ఆరేశాడు." లేచి నిలబడ్డాడు. "కెమెరా పెట్టు. ఈ కాలు ఎలా పోదామంటే అలా పోనిస్తా. మేడం వచ్చేలోపు కానిద్దాం."

నడిచాడు. కాలు పక్కకి తిరిగి, కంకర మీద గీత గీస్తూ, ఒక్కో చోట జారుతూ. ఎర్రలైటు. మళ్ళీ నడిచాడు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆయన చూసి, "అయ్యో అంటే వీడియో మళ్ళీ తియ్యాలి" అన్నాడు. అనలేదు.

మేడం వచ్చేసరికి ప్యాంటు దించి, మామూలు నడకతో వెళ్ళి గేటు తీశాడు. నేనెవరికీ చెప్పను. డైరీకి చెప్పడం చెప్పడం కిందికి రాదు. ఇంటికొచ్చే ముందు ఆ వీడియోలు దూడ చదువులో కలిపాను.

మార్చి 27, బుధవారం

మేడం పదిసార్లు బ్యాటరీలు చూశారు. కంగారు కొన్నట్టున్నారు చివరికి.

నానమ్మ కొత్త చెప్పులు వద్దంది, పాతవే వేసుకెళ్ళమంది. సరే అన్నాను.

మార్చి 28, గురువారం

గబగబా రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. ఫరవాలేదు, చదివేది నేనే.

బోర్డులో పెద్దాయన తెల్లమీసాల ఆఫీసరు. నవ్వని మొహం. వాళ్ళ సైనికుడు కుర్రవాడు, వీపు మీద బరువుతో మైదానం చుట్టూ నడిచాడు. పచ్చలైటు. ఒకే బట్టల్లో మరో పదిమంది అడ్డంగా దాటారు. పసుపు వెలిగింది, మళ్ళీ పచ్చ. రొప్పొచ్చేదాకా పరిగెత్తించి నడిపించారు. పచ్చ. కల్నల్ గారు నా పక్కన రాయిలా నిలబడ్డారు గానీ బొటనవేళ్ళు మాత్రం ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి.

అప్పుడు తెల్లమీసాలాయన అడిగారు. "అలిసినవాడు సరే. దెబ్బ తగిలినవాడు ముందుంటే?" కుర్రవాడికేసి చూసి, "కుంటు" అన్నారు.

కుర్రవాడు కుంటుతూ నడిచాడు. ఈడ్పు, అడుగు. ఈడ్పు, అడుగు. మేడం నా మోచేయి గట్టిగా గిల్లారు. ఇద్దరం నవ్వకుండా ఆకాశంలోకి చూశాం.

"ఒరేయ్, నిన్ను కుంటమన్నాను, డ్రిల్లు చెయ్యమనలేదు" అన్నారాయన. తర్వాత మా వైపు తిరిగి, "ఈ నటన చూసి నేనేం రాయాలి కల్నల్? ఇంతేనా, ఇంకేమైనా చూపించేది ఉందా?"

నేను నాన్నని తీసుకురావాల్సింది అనుకుంటున్నాను. అప్పుడు పక్కనుంచి వినపడింది.

"ఉంది సర్."

బాబాయ్. కల్నల్ గారు ఆయన చెవి దగ్గరికి వంగి, "అక్కర్లేదురా. వేరే దారి చూద్దాం" అన్నారు. ఆయన రా అనడం ఎప్పుడూ వినలేదు.

"ఉంది సర్" అని మళ్ళీ అన్నాడు బాబాయ్, ఈసారి కల్నల్ గారితో. ప్యాంటు మోకాలి పైకి మడిచాడు. అందరి ముందూ, ఆ ఎండలో, గొట్టం మెరిసింది. మేడం నా మోచేయి వదిలేశారు.

దూడ ముందు నాలుగు అడుగులు నడిచాడు, అది తనని చూసుకోవడానికి. పచ్చలైటు. మైదానం చివర ఉన్న గుట్ట వైపు తిరిగాడు. కాలు ఎలా పోదామంటే అలా పోనిచ్చాడు. పక్కకి ఒరిగి, గీత గీస్తూ, జారి, చేత్తో నేల పట్టుకుని లేచి. జారినప్పుడు పసుపు. లేచాడు. పచ్చ. ఆయన ఆగితే ఆగింది. ఆయన మెల్లగా పోతే అంతకంటే మెల్లగా పోయింది. గుట్ట దిగేటప్పుడు, నా లెక్క ప్రకారం తప్పిపోవాల్సిన చోట, ఆయన కాలు మొత్తం పక్కకి తిరిగింది. దూడ కాస్త ఆగి, ఆలోచించుకుని, ఆయన వెనకే దిగింది. పచ్చలైటుతో.

తెల్లమీసాలాయన దగ్గరికొచ్చి, "ఈ నడక ఎంతకాలం ప్రాక్టీసు చేశారు?" అన్నారు.

"దీన్ని చెయ్యలేదు సర్" అన్నాడు బాబాయ్ రొప్పుతూ. "తిన్నగా నడవడమే ప్రాక్టీసు చేశాను."

ఆయన నవ్వారు. ఆ మొహానికి నవ్వు కూడా వచ్చు.

వెనక్కి వచ్చేటప్పుడు వ్యానులో బాబాయ్ ప్యాంటు దించలేదు. మేడం, "ఇంతకాలం మెట్ల మీద నాకంటే ముందు ఎక్కి నన్ను ముసలిదాన్ని చేశావు కదయ్యా" అని తిట్టారు. కల్నల్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కళ్ళల్లో దుమ్ము పడిందన్నారు. అద్దం మూసే ఉంది.

ఏప్రిల్ 1, సోమవారం

కబురొచ్చింది. ముందు ఆరు దూడల్ని కొండల మీదికి పంపమన్నారు. అక్కడ నచ్చితే ఇంకా. షెడ్డు మూయట్లేదు.

నాన్నకి చెప్తే, "నా మోకాలే కదా నేర్పింది" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో మోకాలికి గౌరవం పెరిగింది. అమ్మ పీట వేస్తోంది. నానమ్మ మాత్రం ఆరింటిలో ఒకదానికైనా తన పేరు పెట్టమంటోంది.

పొద్దున హాజరు. కల్నల్ గారు ఆఖర్న ఆగి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, గొంతు పెంచకుండా అడిగారు. "ఎవరికైనా చెప్పుకునేది ఉందా?"

"ఉంది సర్" అన్నారు మేడం. టీలో పంచదార ఎక్కువ.

"ఉంది సర్" అన్నాడు బాబాయ్. ఈ రోజు కాలు నొప్పిగా ఉంది, కూర్చుని నిలబడతానన్నాడు. కుర్చీ తెప్పించుకుని వరసలో కూర్చున్నాడు.

"ఉంది సర్" అన్నాను. వారానికోసారి అయినా హాజరు కాస్త ఆలస్యంగా పెట్టండి.

హాజరు టీ టైము దాకా సాగింది. కల్నల్ గారు అన్నీ విన్నారు, ఏదీ ఒప్పుకోలేదు, కానీ విన్నారు. ఆఖర్న తనకీ ఒకటుందన్నారు. మార్చిలో నేను ఆయనలా నడవడం ప్రాక్టీసు చేశానని బాబాయ్ చెప్పాడంట, అది ఒకసారి అందరి ముందూ చూపించాలంట.

చూపించలేదు. గేటు తియ్యడానికి నా నడకే నడిచాను, టపటపమంటూ. సగం దూరం పోయాక వెనక చప్పుడైంది. దూడని ఎవరో ఆన్ చేసి వదిలారు. పచ్చలైటు.

చెప్పులు అవే. మడమ దగ్గర ఇంకా వదులే.